లెక్క చెప్పే చోటు



ఈ గ్రంథాలయాన్ని చూసుకున్న మాస్టారి పేరిట ఉపన్యాసం ఇమ్మని దాని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "మీ ఇష్టమండీ, రాజకీయాలు తప్ప ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఎందుకని అడిగితే, "జనం విసిగిపోయారు. ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతారు" అని చెప్పారు. ఫోను పెట్టేశాక ఆ జవాబు నన్ను వదల్లేదు. అందుకే ఆయన వద్దన్న విషయాన్నే ఎంచుకున్నాను. లేచి వెళ్లేవాళ్లు వెళ్లవచ్చు, నొచ్చుకోను.

మాస్టారిని తలుచుకున్నప్పుడల్లా అందరూ ఆయన నిరాడంబరత గురించే చెబుతారు. రెండు జతల ఖద్దరు బట్టలు, పాత సైకిలు, బడి వదలగానే నేరుగా ఈ గ్రంథాలయం. ఆయనకు ఆ పొగడ్త గిట్టేది కాదు. ఏటా సర్వసభ్య సమావేశంలో చందాలెన్ని వచ్చాయి, పుస్తకాలకెంత పోయింది, చెదలు తిన్న బీరువా మరమ్మతుకెంత అయింది, అన్నీ పైసలతో సహా చదివేవారు. సగంమంది కునుకు తీసేవారు. ఎవరైనా "మీ మీద మాకు నమ్మకముంది మాస్టారూ, చదవక్కర్లేదు" అంటే మాత్రం ఆయనకు కోపం వచ్చేది. నమ్మకం ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలనేవారు.

నేనివాళ మాట్లాడబోయేది ఆ కోపం గురించి.

మన తెలుగువాళ్లకు ఒక అలవాటుంది. మంచి నాయకుడి గురించి చెప్పమంటే ఆయన ఏం తిన్నాడు, ఏం కట్టుకున్నాడు, చివరికి ఏం మిగుల్చుకున్నాడు అన్నదే చెబుతాం. బారిస్టరుగా లక్షలు గడించి అన్నీ ప్రజాజీవితంలో పోగొట్టుకున్న ప్రకాశం పంతులు, సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లిన సుందరయ్య, నాలుగుసార్లు సత్తెనపల్లి నుంచి గెలిచినా ఏమీ వెనకేసుకోని వావిలాల గోపాలకృష్ణయ్య. విలేకరిగా ఉన్న రోజుల్లో జయంతులకూ వర్ధంతులకూ నేనూ ఇవే రాశాను. అవన్నీ నిజాలే. కాకపోతే ఈ కథల్లో ఎక్కడా రెండో మనిషి కనిపించడు. ఆ నాయకుణ్ని ఎవరు అడిగారు, ఏ చోట అడిగారు, ఆయన ఏం జవాబు చెప్పాడు అన్నది ఉండదు. ఇవి విని పెరిగిన కుర్రవాడికి ఏమనిపిస్తుంది? అప్పట్లో మహానుభావులు పుట్టారు, ఇప్పుడు పుట్టడం లేదు, మనం చేయగలిగింది ఏమీ లేదు అనిపిస్తుంది. ఇవాళ్టి విసుగులో పెద్ద భాగం ఇలా పుట్టిందే. దుర్మార్గులను చూసి పుట్టిన విసుగు కంటే, మంచివాళ్ల గురించి మనం చెప్పుకున్న తీరువల్ల పుట్టిన విసుగు ఎక్కువని నా అనుమానం.

ఒక ఉదాహరణ చూద్దాం. రైలు ప్రమాదానికి బాధ్యత వహించి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారని ప్రతి బడిపిల్లవాడికీ తెలుసు. అందులో మన ప్రాంతం పాత్ర ఉందని చాలామందికి తెలియదు. 1956 సెప్టెంబరు 2న, అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో, జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా పోయారు. శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలైనా తిరక్కుండా నవంబరులో తమిళదేశంలోని అరియలూరు దగ్గర మరో రైలు ప్రమాదం జరిగింది. ఈసారి శాస్త్రి పట్టుబట్టారు, రాజీనామా ఆమోదించారు. డెబ్బై ఏళ్లుగా మనం ఆ రాజీనామాను చెప్పుకుంటున్నాం. మహబూబ్‌నగర్ వంతెన ఎందుకు కూలిందని మాట్లాడిన సభ నేనొక్కటీ చూడలేదు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు కావలసింది మంత్రిగారి పశ్చాత్తాపం కంటే ముందు ఆ సంగతే కదా? శాస్త్రి గొప్ప మనిషి, అందులో వాదన లేదు. ఆయన గొప్పతనం వెలుగులో వంతెన మనకు కనబడకుండా పోయిందంటున్నాను.

దానికంటే నాకు 1964 నాటి కర్నూలు బస్సుల కేసు ఇష్టం. దాన్ని బడి పుస్తకాల్లో నేను చూడలేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో బస్సు రూట్లను జాతీయం చేస్తున్న కాలమది. ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా అన్న వరుసను ఒక నిపుణుల సంఘం సూచించింది. ఆ వరుస తప్పించి, కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన్ని ముందుకు తెచ్చారు. అక్కడి ప్రైవేటు బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. 1962 ఎన్నికల్లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి వర్గానికి ఎదురుగా పనిచేశామన్న కక్షతోనే తమ రూట్లు ముందు లాక్కుంటున్నారని వాళ్ల ఆరోపణ. ముఖ్యమంత్రి ఒత్తిడి చేశారని అఫిడవిట్‌లో రాశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

న్యాయమూర్తులు పట్టుకున్న పాయింటు చాలా చిన్నది. ఆరోపణ ముఖ్యమంత్రి మీద. కాదని చెప్పగలిగింది ఆయనొక్కడే. ఆయన ప్రమాణం చేసి అఫిడవిట్ వేయలేదు. ఆయన మనసులో ఏముందో తెలియని అధికారులు వేసిన కౌంటరు ఆయన జవాబు కాలేదు. అడిగినప్పుడు అడిగినవాడికి నేరుగా కాదని చెప్పలేదు కాబట్టి, ఆ ఆరోపణ ఖండన లేకుండా మిగిలిపోయినట్టేనని కోర్టు తేల్చి, ఆ పథకాన్ని కొట్టేసింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఇందులో త్యాగం వాసన లేదు. రైలు పెట్టెల ముందు కన్నీళ్లు లేవు. కర్నూలు బస్సు యజమానులేమీ మహాత్ములు కారు, తమ వ్యాపారం కోసం కోర్టుకెళ్లారు. సంజీవరెడ్డి రోజుకో పూట తిని బతికిన మనిషీ కాదు. అయినా అక్కడ ఒక ముఖ్యమంత్రి జవాబు చెప్పాల్సిన చోటొకటి ఏర్పడింది. అక్కడ మౌనానికి కూడా ఒక విలువ కట్టారు, ఆ విలువ ముఖ్యమంత్రి పదవి. ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. కొద్ది నెలలకే ఆయన కేంద్రమంత్రి అయ్యారు. ఆయన్ను మంత్రివర్గంలోకి తీసుకున్న ప్రధాని ఎవరనుకున్నారు? శాస్త్రిగారే. తర్వాత లోక్‌సభ స్పీకరు, 1977లో రాష్ట్రపతి. రాజీనామా చేస్తే రాజకీయంగా సమాధి అయిపోతామని వణికే ఇవాళ్టి నాయకులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక ఈ రోజుల్లోకి వద్దాం. నాయకుణ్ని జవాబు అడగడానికి మనం జీతాలిచ్చి నడుపుతున్న చోటు ఒకటుంది, దాని పేరు శాసనసభ. 1954 నవంబరులో కర్నూలులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయిందంటే, ఆ రోజు సభలో కూర్చున్న ప్రతి మనిషికీ ఒక బరువుంది. నేను ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న కాలానికి అంత బరువు లేకపోయినా ప్రశ్నోత్తరాల సమయానికి ఒక పదును మిగిలే ఉండేది. అసలు ప్రశ్నకు జవాబును అధికారులు రాసిస్తారు, మంత్రి చదివేస్తాడు. అక్కడ భయం లేదు. అనుబంధ ప్రశ్న దగ్గరే మంత్రి అసలు రంగు బయటపడేది. వెనక వరసలో అధికారులు ఫైళ్లు తిరగేస్తూ చీటీలు అందిస్తుంటే, ఆ చీటీ వచ్చేలోగా మంత్రి మంచినీళ్లు తాగేవాడు. కొందరు సభ్యులు ఆ నీళ్లు తాగించడానికే రాత్రంతా చదువుకుని వచ్చేవారు. ఏ పార్టీలోనైనా అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. చివరికి వాళ్లకు టిక్కెట్లు రాలేదనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ సభ ఏడాదికి ముప్ఫై రోజులు కూర్చోవడం అరుదు. కూర్చున్న రోజుల్లో ఎవరున్నారో చూడండి. 2017 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షమైన వైఎస్సార్‌సీపీ సభకు వెళ్లడం మానేసింది, ఆ శాసనసభ గడువు ముగిసేదాకా వెళ్లలేదు. ప్రభుత్వాలు మారాయి. 2021 నవంబరులో ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు, మళ్లీ ముఖ్యమంత్రిగానే ఈ సభలో అడుగుపెడతానని శపథం చేసి బయటికొచ్చారు. 2024 జూన్‌లో అన్నట్టే ముఖ్యమంత్రిగా వచ్చారు. ఈసారి పదకొండు సీట్లకు పడిపోయిన వైఎస్సార్‌సీపీ, ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంటూ బయటే ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు తర్వాత ప్రతిపక్ష నేత కె. చంద్రశేఖర్‌రావు సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రతి ఒక్కరికీ ఒక కారణముంది. అవమానం జరిగింది, మైకు ఇవ్వలేదు, హోదా లేదు, స్పీకరు పక్షపాతి. ఆ కారణాల్లో నిజాలు ఉన్నాయి కూడా. కానీ మైకు ఇవ్వలేదని ఓటరు తన ఓటును వెనక్కి తీసుకోగలడా? మనం శపథాలు, పౌరుషాలు ఇష్టపడే జాతి. సభలోంచి లేచి వెళ్లడం మనకు వీరత్వంలా కనిపిస్తుంది, కూర్చుని అడగడం చప్పగా ఉంటుంది. ఈ రుచి మనలోనే ఉంది, సినిమా మీద తోసేయలేం.

2017లో వైఎస్సార్‌సీపీ చెప్పిన కారణం దగ్గర ఇంకో నిమిషం ఆగాలి. తమ గుర్తు మీద గెలిచి తెలుగుదేశం కండువా కప్పుకున్న ఇరవై మూడుమంది ఎమ్మెల్యేలను అనర్హులుగా ప్రకటించలేదని, వాళ్లలో నలుగురికి మంత్రిపదవులు కూడా ఇచ్చారని ఆ పార్టీ ఫిర్యాదు. ఫిర్యాదు న్యాయమైనదే. 2019లో తెలుగుదేశానికి సరిగ్గా ఇరవై మూడు సీట్లే రావడంతో ఊళ్లలో దేవుడి లెక్క అన్నారు. దేవుడికి అంత తీరిక లేదని నా అభిప్రాయం. తెలంగాణలోనైతే 2014 డిసెంబరులోనే తెలుగుదేశం ఎమ్మెల్యే ఒకరు టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. 2019 జూన్‌లో పద్దెనిమిదిమంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో పన్నెండుమంది ఒకేసారి టీఆర్‌ఎస్‌లో 'విలీనం' అయ్యారు. 2023 తర్వాత, బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న అదే టీఆర్‌ఎస్ నుంచి పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఏ పార్టీ చేతికీ మట్టి అంటకుండా లేదు.

1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి దేశానికి ఒక సామెతనిచ్చాడు. ఆ జబ్బుకు మందుగా 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. అందులో చీలిక పేరుతో ఉన్న తలుపును 2003 సవరణతో మూశారు, విలీనం తలుపు తెరిచే ఉంది. అసలు లోపం వేరేచోట ఉంది. ఫిరాయించాడా లేదా అన్నది తేల్చే పని స్పీకరుది. స్పీకరు సాధారణంగా ఎవరివైపు ఫిరాయించారో ఆ పార్టీ మనిషే. ఇన్నాళ్లలో తేల్చాలన్న గడువు చట్టంలో లేదు. కాబట్టి స్పీకరు తప్పు తీర్పు ఇవ్వనక్కర్లేదు, తీర్పే ఇవ్వకుండా అయిదేళ్లు కూర్చుంటే చాలు. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు మూడు నెలలు చాలని చెప్పింది, ఈ పని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే సంగతి ఆలోచించమంది. 2025 జూలై 31న మన తెలంగాణ పదిమంది కేసులో మళ్లీ మూడు నెలల గడువే పెట్టాల్సి వచ్చింది. 1964లో మౌనానికి శిక్ష పడింది. ఇక్కడ మౌనమే రక్షణ అయింది. పార్టీ మారిన ప్రతి ఎమ్మెల్యే "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అంటాడు. ఆ మాటను ఆయన ఏ నియోజకవర్గం కోసం మారాడో ఆ నియోజకవర్గం ముందు నిలబడి, ప్రశ్నలు తీసుకుంటూ చెప్పిన ఉదంతం నాకు ఎదురుకాలేదు. ప్రెస్ మీట్ పెట్టి చెబుతాడు. పక్కన పాత పార్టీ ఫ్లెక్సీ ఇంకా చిరగకుండానే ఉంటుంది.

"సమాచారం ఉంటే ఓటరే చూసుకుంటాడు" అని ఒకప్పుడు మేం నమ్మాం. 2002, 2003 తీర్పులతో అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు అఫిడవిట్లో రాయాల్సి వచ్చింది. 2013లో నోటా మీట వచ్చింది. అఫిడవిట్లను మేం పత్రికల్లో పట్టికలు వేశాం, జనం ఆసక్తిగా చదివారు, ఎవరికి ఎంత బంగారముందో చెప్పుకున్నారు, ఓట్లు మాత్రం ఎప్పటిలాగే వేశారు. నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. కాగితం ఉంది గానీ, ఆ కాగితం పట్టుకుని నిలబడి అడిగే చోటు లేదు.

అలాంటి చోటు ఒకటి మన దగ్గరే నిలబడింది. మనవాళ్లే దాన్ని మరిచారు.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 చివర్లో ఒక పని మొదలుపెట్టింది. పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్లు అనే కూలీల హాజరు పట్టీలు సంపాదించి, ఊరి మధ్య టెంటు వేసి వాటిని గట్టిగా చదివించింది. మన డబ్బుకు మన లెక్క అడుగుతామన్నది వాళ్ల నినాదం. సమాచార హక్కు చట్టానికి అక్కడే వేళ్లున్నాయి. ఆ పద్ధతి మన దగ్గరికి ఉపాధి హామీ పథకంతో వచ్చింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ పనులను గ్రామసభ తనిఖీ చేయాలంది. మిగతా రాష్ట్రాలు దాన్ని కాగితం మీద కానిచ్చేస్తుంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిజంగా చేసింది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసినవాళ్లు వచ్చి నేర్పారు. 2009లో ఆ పనికి ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. దేశమంతా మన దగ్గరికి వచ్చి చూసి వెళ్లిన రోజులవి. మనం గర్వపడాల్సిన సంగతుల జాబితాలో బిర్యానీ తర్వాత దీనికి చోటివ్వొచ్చు.

పద్ధతి ఇలా ఉండేది. తనిఖీ బృందం ముందు సమాచార హక్కు కింద మండలం రికార్డులన్నీ తీసుకునేది. కూలీల ఇళ్లలోంచే చదువుకున్న పిల్లల్ని ఎంచి, మస్టరు ఎలా చదవాలో, కొలతల పుస్తకం ఎలా చూడాలో నేర్పేవారు. సొంత ఊరికి కాకుండా పక్క ఊళ్లకు పంపేవారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, మస్టరులో మీ పేరు మీద ఇన్ని రోజులు, ఇంత కూలి ఉంది, నిజమేనా అని అడిగి రాయించుకునేవారు. టేపు పట్టుకుని చెరువు గట్టూ కాలువా కొలిచేవారు. చివరి రోజు మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక.

ఒకసారి రాయలసీమలో అలాంటి ప్రజావేదికకు పొద్దున వెళ్లి దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను. ఒకమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, మైకు పట్టుకుని మస్టరు చదువుతోంది. ఫలానా ఊరు, ఫలానా పని, ఫలానా పేరు, ఆరు రోజులు. ఆ పేరు గల ముసలాయన కన్నుమూసి చాలాకాలమైందని కూర్చున్నవాళ్లలోంచి నవ్వులు. మరో పేరు. "ఆ వారం నేను మా అక్క కూతురి పెళ్లికి పోయినా సార్, పనికి యాడ పోయినా?" అని ఒకావిడ లేచింది. ఫీల్డ్ అసిస్టెంటు ఏదో చెప్పబోయాడు. ఆవిడ పెళ్లికార్డు తెచ్చింది! వేదిక మీది అధికారి ఫీల్డ్ అసిస్టెంటును అడిగాడు, సాంకేతిక సహాయకుణ్ని అడిగాడు, కూలి డబ్బు పంచిన బ్రాంచి పోస్టుమాస్టరును అడిగాడు. అడుగుతున్నది అధికారే అయినా, జవాబు చెప్పేటప్పుడు వాళ్లంతా చూస్తున్నది ఆవిడ వైపే. మధ్యాహ్నం భోజనాలప్పుడు కూడా ఎవరూ ఇంటికి పోలేదు. విసిగిపోయారని మనం చెప్పుకునే ఆ జనమే, ఎవరి పేరు మీద ఎన్ని రోజులు రాశారో వినడానికి ఎండలో నిలబడ్డారు.

దాని లోపాలూ చెప్పాలి. పట్టుకున్న సొమ్ములో వసూలైంది తక్కువ. శిక్షలు ఇంకా తక్కువ. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు మన తనిఖీ నివేదికలను వరుసగా చదివి ఒక సంగతి చూపించారు. కూలి పద్దులో అక్రమాలను జనం పసిగట్టడం మొదలయ్యాక, జనానికి అంత తేలిగ్గా అంతుపట్టని సామగ్రి పద్దులో అక్రమాలు పెరిగాయి. దొంగ ఇల్లు మారాడన్నమాట. అంతకంటే నన్ను కలచివేసింది వేరే. ఆ రోజంతా వేదిక ముందుకు వచ్చి తల దించుకున్నవాళ్లు ఎవరు? ఫీల్డ్ అసిస్టెంట్లు, మేట్లు, ఒక పోస్టుమాస్టరు. ఉద్యోగాలు పోయినవాళ్లూ వాళ్లే. ఆ ఫీల్డ్ అసిస్టెంటును ఆ ఉద్యోగంలో పెట్టించింది ఎవరు, ఏ పని ఏ కాంట్రాక్టరుకు పోవాలో చెప్పింది ఎవరు అన్నది మస్టరులో రాసి ఉండదు. అది ఊరందరికీ తెలుసు. ఎవరూ చదవలేదు. మన వ్యవస్థలో జవాబుదారీతనం నీళ్లలా పల్లానికి పారుతుంది. చిట్టచివరి చిన్న ఉద్యోగి దగ్గర గుంట కట్టి ఆగిపోతుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చూడండి, రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంది, వరుసగా పెట్టకపోతే సర్పంచి పదవికే ఎసరు. మంచిదే. మరి అయిదేళ్లలో ఒక్కసారైనా నియోజకవర్గ సభ పెట్టి లెక్క చెప్పని ఎమ్మెల్యేకు? సభ అనుమతి లేకుండా అరవై రోజులు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు ప్రకటించవచ్చని రాజ్యాంగం అంటుంది. 'వచ్చు' అనే అంది.

అందుకని నా ప్రతిపాదన పెద్దదేమీ కాదు. ఆ షామియానాను మండలం నుంచి నియోజకవర్గానికి తీసుకెళ్లాలి. ఎంపీల నిధుల పథకం 1993 నుంచి ఉంది, ఇప్పుడు ఏడాదికి ఒక్కొక్కరికి అయిదు కోట్లు. ఎమ్మెల్యేలకూ నియోజకవర్గ నిధులున్నాయి. పనిని సిఫారసు చేసేది ఒకరు, మంజూరు చేసేది కలెక్టరు, చేసేది కాంట్రాక్టరు. గోడ పగిలితే ముగ్గురూ మిగతా ఇద్దరివైపు చూపిస్తారు. ముగ్గుర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, ఏడాదికోసారి, పనుల జాబితా ఊరి పేర్లతో సహా చదవాలి. సభలో ఎన్ని రోజులు ఉన్నారు, ఏం అడిగారు, ఏ బిల్లుకు చెయ్యెత్తారు అన్నది కూడా ఆ జాబితాలోనే ఉండాలి. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీని ఒక్క ఉపాధి పథకానికే పరిమితం చేయకుండా చట్టం చేసింది. చేయాలనుకుంటే అడ్డేమీ లేదు.

ఎమ్మెల్యే తన మనుషుల్ని లారీల్లో తెచ్చుకుంటాడు, చప్పట్లు కొట్టిస్తాడు అంటారా? తెచ్చుకుంటాడు. మండల ప్రజావేదికల్లోనూ ఆ ప్రయత్నం జరిగింది, కొన్నిచోట్ల కొట్లాటలయ్యాయి. కానీ 'సీసీ రోడ్డు, నూటయాభై మీటర్లు, ఫలానా వీధి' అని చదివినప్పుడు, ఆ వీధివాడు లారీలో వచ్చినా సరే తన ఇంటి ముందు రోడ్డు ఉందో లేదో వాడికి తెలుసు.

భయం సంగతి మాత్రం అంత తేలిగ్గా కొట్టేయలేను. పింఛను జాబితా, ఇంటి జాబితా, రేషను కార్డు, అన్నీ ఊరి నాయకుడి కనుసన్నల్లో ఉన్నాయని జనం నమ్ముతారు. ఆ నమ్మకం నిజం కావచ్చు కాకపోవచ్చు, నోరు మూయించడానికి అదే చాలు. నోరు తెరిస్తే పింఛను పోతుందేమోనన్న ముసలమ్మకు ధైర్యం గురించి ఉపన్యాసం చెప్పే హక్కు నాకు లేదు. తనిఖీ బృందాలు దీనికొక ఉపాయం కనిపెట్టాయి. ముందే ఇంటికి వెళ్లి రాయించుకుని వేలిముద్ర వేయించుకుంటారు, వేదిక మీద చదివేది బృందం. ఒక్కరి మాటగా కాకుండా వందమంది మాటలు వరుసగా వస్తాయి. అప్పుడు కూడా భయపడేవాళ్లు ఉంటారు.

ఇంకొకటి. "కవరు పుచ్చుకుని ఓటేసినవాడికి అడిగే హక్కేముంది?" అని నాయకులే కాదు, చదువుకున్న పెద్దమనుషులు కూడా అంటున్నారు. ఉప ఎన్నికల్లో మాకు కవరు అందలేదని జనం రోడ్డెక్కిన వార్తలు చదివి మనమందరం తల పట్టుకున్నాం. అయినా ఆ వాదన నేను ఒప్పుకోను. అయిదేళ్ల అధికారాన్ని వెయ్యి రూపాయలకో రెండు వేలకో రాసిచ్చేశాడని చెప్పడానికి అది పొలం కౌలు ఒప్పందం కూడా కాదు. తీసుకున్నది తప్పే, ఇచ్చింది నేరం. రోడ్డు సంగతి అడగడం ఆ రెండింటికీ సంబంధం లేని మూడో సంగతి.

చట్టం వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేని పని ఒకటుంది. మన పార్లమెంటు నియోజకవర్గంలో ఎంపీ నిధులతో గత మూడేళ్లలో మంజూరైన పనులు, ఊరు, వీధి, అంచనా మొత్తం, కాంట్రాక్టరు పేరు, కొలతల పుస్తకం నకలు కోరుతూ సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాసి తెచ్చాను. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఇది జిల్లా కార్యాలయానికి కాబట్టి పది. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ముప్ఫై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవాలి. నకళ్లు పత్రికల బల్ల మీద పెట్టాను. ఎవరి పేరుతో వారు పంపవచ్చు. జాబితా చేతికొచ్చాక ఈ హాల్లోనే ఒక ఆదివారం చదువుదామని, ఎంపీగారినీ కలెక్టరుగారినీ రాతపూర్వకంగా పిలుద్దామని కార్యదర్శిగారిని అడిగాను. కార్యవర్గంలో పెట్టి చెబుతానన్నారు.